కొత్త పాఠ్యప్రణాళికను మూడుల్‌లో అమర్చుకోవడం: కర్నూలు జిల్లా బడుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ పని ఎప్పుడూ ఎవరో ఒక ఉపాధ్యాయుడి నెత్తిన పడుతుంది. చాలా చోట్ల గణితం మాస్టారు, కాకపోతే ఫిజిక్స్ మేడం. తమ పీరియడ్లు తాము చెప్పుకుంటూనే, కరస్పాండెంటు కొన్న సర్వర్‌లో కొత్త సిలబస్‌ను అమర్చాల్సిన ఆ ఒక్కరి కోసం ఈ పేజీ. మూడుల్ అంటే పాఠాలు, పరీక్షలు, మార్కులు ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్. మూడుల్‌ను ఇన్‌స్టాల్ చేయడం గురించి ఇక్కడ చెప్పలేదు. ఆ పని హోస్టింగ్ వాళ్లు గంటలో చేసి పెడతారు. అసలు చిక్కులు ఆ తర్వాతే మొదలవుతాయి.

పుస్తకాలు మారాయి. పాత పీడీఎఫ్‌లు తీసేసి కొత్తవి ఎక్కిస్తే పని అయిపోయినట్టే కదా?

కాదు. పుస్తకం మారడం పైకి కనిపించే మార్పు మాత్రమే. 2020 జాతీయ విద్యా విధానం, దాని వెనకే 2023లో వచ్చిన పాఠశాల విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆధారంగా ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 3, 6 తరగతులకు, 2025లో 4, 5, 7, 8 తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. కొన్ని పాఠాలు తరగతి మారాయి, కొన్ని కలిసిపోయాయి, కొన్ని పోయాయి. ఏ అంశం ఏ తరగతిలో రావాలి, దానికి ఎన్ని పీరియడ్లు, చదివిన తర్వాత పిల్లలు ఏమి చేయగలగాలి, చేయగలుగుతున్నారని మనకు ఎలా తెలుస్తుంది అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటేనే పాఠ్యప్రణాళిక అవుతుంది. పీడీఎఫ్‌లు దాచుకోవడమే మీ అవసరమైతే ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డరు చాలు. సర్వర్‌కు ఏటా డబ్బు కట్టనక్కరలేదు.

మూడుల్ ఎందుకు? మా వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది, అందులోనే పెట్టలేమా?

పెట్టవచ్చు, కానీ త్వరలోనే విసుగు వస్తుంది. వర్డ్‌ప్రెస్ 2003లో బ్లాగుల కోసం పుట్టింది. వెబ్‌సైట్లు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ద్రూపల్ అంతకంటే పటిష్ఠమైనది. విషయాన్ని రకాలుగా, వర్గాలుగా విడగొట్టడంలో దానికి సాటి తక్కువే. కానీ ఈ రెండింటికీ తరగతి, మార్కులు, హాజరు, అసైన్‌మెంటు అంటే ఏమిటో పుట్టుకతో తెలియదు, ప్లగిన్లతో (పైనుంచి చేర్చే చిన్న ప్రోగ్రాములతో) నేర్పించాలి. మూడుల్‌ను ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన మార్టిన్ డూగియామాస్ చదువు చెప్పడం కోసమే రాశాడు. మొదటి పూర్తి వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఖర్చంతా సర్వర్‌కే.

మీ వర్డ్‌ప్రెస్ సైటును తీసేయకండి. అడ్మిషన్ల ప్రకటన, వార్షికోత్సవం ఫోటోలు అక్కడే ఉండనివ్వండి, చదువును మూడుల్‌కు తరలించండి.

సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఏమి సిద్ధం చేసుకోవాలి?

ఒక ఎక్సెల్ షీటు. ఇది లేకుండా కూర్చుంటే, కోర్సుల పేర్లు ఎవరికి తోచినట్టు వారు పెట్టేసి, ఆగస్టు నాటికి సైటు సంతలా తయారవుతుంది.

తరగతి, సబ్జెక్టు, యూనిట్, పాఠం, పీరియడ్లు, అభ్యసన ఫలితం, ఆధారం అని ఏడు నిలువు గడులు గీయండి. మొదటి ఐదూ మీ వార్షిక ప్రణాళికలో ఎలాగూ ఉంటాయి. కష్టమంతా చివరి రెండింటితోనే. ఫలితం గడిలో “భిన్నాలు అర్థం చేసుకుంటారు” అని రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. “వేర్వేరు హారాలున్న రెండు భిన్నాలను పోల్చి ఏది పెద్దదో కారణంతో చెబుతారు” అని రాస్తేనే పక్కనున్న ఆధారం గడిలో ఏమి పెట్టాలో తడుతుంది. అది అయిదు ప్రశ్నల క్విజ్ కావచ్చు, నోటుపుస్తకం ఫోటో కావచ్చు, నోటితో చెప్పించిన రెండు నిమిషాల రికార్డింగ్ కావచ్చు.

ప్రతి వరుసకూ ఒక కోడ్ ఇవ్వండి. ఆరో తరగతి గణితం, మూడో యూనిట్, రెండో ఫలితానికి 06-గ-03-02 లాంటిది. చూడటానికి చాదస్తంగా ఉంటుంది కానీ, క్విజ్ పేరులో, ప్రశ్నల నిధిలో, సామర్థ్యాల జాబితాలో ఇదే కోడ్ వాడితే, సిలబస్ మళ్లీ మారినప్పుడు ఏది ఎక్కడ ఉందో వెతుక్కునే పని తప్పుతుంది. సిలబస్ మళ్లీ మారుతుందా అని అడగకండి. ఈ రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ అనుబంధం వచ్చింది, తర్వాత వాటిని తిరిగి రాష్ట్ర బోర్డుకే మార్చారు. ఇంటర్ మొదటి సంవత్సరానికి 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది.

ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి మధ్యలో ఈ షీటు పట్టుకుంటే వేసవి సెలవులకు ముందే పూర్తవుతుంది. మధ్యాహ్నాలు ఎలాగూ ఎండకు బయటికి వెళ్లలేం.

కోర్సులను సర్దే కేటగిరీలను ఎలా విడగొట్టాలి? తరగతి పైన పెట్టాలా, సబ్జెక్టు పైన పెట్టాలా?

రెండూ కాదు. అన్నిటికంటే పైన రెండే కేటగిరీలు పెట్టండి: ఒకటి “మూల కోర్సులు”, రెండోది “నడుస్తున్న సంవత్సరం”. మొదటిదాన్ని పిల్లలకు కనిపించకుండా దాచేయండి. రెండింటి లోపలా తరగతులు, తరగతుల లోపల సబ్జెక్టు కోర్సులు. అంతకంటే లోతుకు వెళ్లవద్దు.

ఏ సెక్షనుకు ఒకటి, బీ సెక్షనుకు ఒకటి అని కోర్సులు చేయకండి. ఒకే కోర్సులో రెండు గ్రూపులు చాలు. మూడు సెక్షన్లకు మూడు కోర్సులు చేసిన బడిలో ఒక క్విజ్‌లో అచ్చుతప్పు దొరికితే దాన్ని మూడు చోట్ల దిద్దాలి, మూడోది ఎప్పుడూ మిగిలిపోతుంది.

మూల కోర్సు అంటే ఏమిటి? ఒకే పనిని రెండుసార్లు చేయడం కాదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

వేరుశనగ పండించే ఇంట్లో విత్తనానికి దాచిన కాయలు వేరు, అమ్మకానికి పోసినవి వేరు. ఎంత అవసరం వచ్చినా మొదటి మూట విప్పరు. మూల కోర్సు ఆ మొదటి మూట. అందులో పిల్లలు ఉండరు, మార్కులు ఉండవు, తేదీలు ఉండవు. పాఠాల క్రమం, వనరులు, క్విజ్‌లు, అసైన్‌మెంట్ల సూచనలు, ఫలితాల కోడ్‌లు మాత్రమే ఉంటాయి. జూన్‌లో బడి తెరిచే ముందు దాని నుంచి ఒక నకలు తీసి, ఆ సంవత్సరం పిల్లలను అందులో చేరుస్తారు. ఏడాదంతా నడిచేది ఆ నకలే.

మూడుల్‌లో కోర్సు పునర్వినియోగం పేజీలో ‘కాపీ కోర్స్’ అని ఉంటుంది. అక్కడ కొత్త పేరు, చిన్న పేరు, ప్రారంభ తేదీ ఇస్తే చాలు. చిన్న పేరు సైటు మొత్తంలో ఒక్కదానికే ఉండాలి కాబట్టి, మూలానికి “06-గణితం-మూలం” అనీ, నకలుకు “06-గణితం-2026” అనీ పెట్టుకోండి. కోర్సులు ముప్పై, నలభై ఉంటే ఒక్కొక్కటిగా చేయనక్కరలేదు. కోర్సుల సీఎస్‌వీ (గడులను కామాలతో విడగొట్టే పట్టిక ఫైలు) అప్‌లోడ్‌లో ప్రతి వరుసలో ఏ కోర్సును నమూనాగా తీసుకోవాలో చెప్పే గడి ఉంది, ఒకే ఫైలుతో అన్ని నకళ్లూ పుడతాయి.

రెండుసార్లు పని అన్న మాట సగం నిజమే. ఏడాది మధ్యలో టీచరు ఒక మంచి వర్క్‌షీటు చేసి నడుస్తున్న కోర్సులో పెడతారు. అది మూలంలోకి రాకపోతే వచ్చే జూన్‌లో మాయమవుతుంది. అందుకు ఒక అలవాటు చేసుకోండి: ఎస్ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షల తర్వాత వచ్చే సెలవుల్లో సబ్జెక్టు టీచరు తన కోర్సు నుంచి పనికొచ్చినవాటిని ఎంచి మూలంలోకి ‘ఇంపోర్ట్’ చేయాలి. ఇంపోర్ట్‌లో పిల్లల వివరాలు రావు, కార్యకలాపాలు మాత్రమే వస్తాయి. అయితే ఇంపోర్ట్ పాతదాన్ని తుడిచి కొత్తది పెట్టదు, పక్కనే ఇంకొకటి చేరుస్తుంది. “భిన్నాల క్విజ్” పేరుతో మూడు క్విజ్‌లు కనిపించే కోర్సులకు కారణం ఇదే. ఇంపోర్ట్ అయ్యాక పాతదాన్ని చేత్తో తీసేయాలి.

ఇక అచ్చుతప్పులు, తప్పు జవాబులు: ముందు మూలంలో దిద్దండి, ఆ తర్వాతే నకలులో. ఈ వరుస తలకిందులైతే తప్పు ఏటేటా తిరిగి పుడుతుంది.

పాత కోర్సును ‘రీసెట్’ చేసి కొత్త పిల్లలను చేర్చితే సరిపోదా?

రీసెట్ పని చేస్తుంది. పిల్లల నమోదులు, సమాధానాలు, మార్కులు తుడిచేస్తుంది, తేదీలను కొత్త ప్రారంభ తేదీకి జరుపుతుంది. కానీ పోయిన ఏడాది మార్కులు పోతాయి. టీసీ తీసుకున్న పిల్లవాడి తండ్రి జూలైలో వచ్చి రికార్డు అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. బడిలో రీసెట్ హక్కు ఒక్కరికే ఉంచడం మేలు.

పాఠాలను వారాల వారీగా తెరిచేలా తేదీలు పెట్టాలా?

చాలా బడులు పెడతాయి. మన జిల్లా పశ్చిమ మండలాల్లో అయితే పెట్టవద్దనే నా సలహా. దీనికి కారణం సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఇక్కడి బతుకులో ఉంది.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పంట కోతల కాలం వచ్చిందంటే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్లిపోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కోయడానికి వెళ్తే, తిరిగి రావడం కొన్ని నెలల తర్వాతే. కొందరు పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉండిపోతారు, చాలామంది వెంట వెళ్తారు. వారం వారం తెరుచుకుని మూసుకునే కోర్సులో ఆ పిల్లలు తిరిగి వచ్చేసరికి కనిపించేది ఎర్ర అక్షరాల గడువుల వరుస. ఊళ్లో బడి తలుపు తెరిచే ఉన్నా కోర్సు మాత్రం వారికి మూసుకుపోయి ఉంటుంది.

మూడుల్‌లో తేదీకి బదులు ‘ముందరి పని పూర్తి’ అనే షరతు పెట్టవచ్చు. మూడో పాఠం తెరవాలంటే రెండో పాఠం క్విజ్ పూర్తయి ఉండాలి, అంతే. ఎవరు ఎప్పుడు వచ్చినా ఆపిన చోటు నుంచి మొదలవుతుంది. క్విజ్‌లకు ముగింపు తేదీ ఖాళీగా వదలండి. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) లాంటి తేదీ తప్పనిసరి అయిన పరీక్షలకు మాత్రమే తేదీ పెట్టి, వలస వెళ్లిన పిల్లలను ఒక గ్రూపుగా చేసి ఆ గ్రూపుకు వేరే గడువు ఇవ్వండి. ఆ సదుపాయాన్ని ఓవర్‌రైడ్ అంటారు. క్విజ్‌లోనూ, అసైన్‌మెంటులోనూ ఉంది. గ్రూపుకు “వలస” అని పేరు పెట్టకండి. గ్రూపుల పేర్లు పిల్లల కంట పడతాయి. “తుంగభద్ర” అని పెట్టండి, ఇంకో గ్రూపు “హంద్రీ”.

మూల కోర్సులో తేదీలు ఉండకూడదని పైన అన్నది కూడా ఇందుకే. తేదీ అనేది ఆ సంవత్సరానిది, పాఠ్యప్రణాళికది కాదు.

అభ్యసన ఫలితాలు, విద్యా ప్రమాణాలు ఎక్కడ పెట్టాలి?

పాఠం పైన పేరాగా రాసి వదిలేస్తే ఎవరూ చదవరు. సైటు అడ్మినిస్ట్రేషన్‌లో సామర్థ్యాల చట్రం అనే చోటు ఉంది, అక్కడ పెట్టాలి. దాన్ని చెట్టులాగా నాలుగు అంతస్తుల వరకు పెంచవచ్చు, ఒక్కో అంతస్తుకు మనకు నచ్చిన స్థాయి పేరు ఎంచుకోవచ్చు.

రాష్ట్ర పుస్తకాలతో పనిచేసే బడులకు విద్యా ప్రమాణాలు కొత్త కాదు. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ చేయడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. సైన్సులో విషయావగాహన మొదలుకొని నిజజీవిత వినియోగం దాకా ఏడు. వీటిని పై అంతస్తులో పెట్టి, కింద మీ షీటులోని ఫలితాలను కోడ్‌లతో సహా వేలాడదీయండి. వందల వరుసలను చేత్తో కొట్టనక్కరలేదు, సీఎస్‌వీగా దిగుమతి చేసుకోవచ్చు. ఆ ఫైలులో గడులు ఎలా ఉండాలో పుస్తకంలో చదివే కంటే, రెండే రెండు సామర్థ్యాలతో చిన్న చట్రం చేసి దాన్ని ఎగుమతి చేసి చూడండి. వచ్చిన ఫైలే నమూనా.

తర్వాత ప్రతి క్విజ్‌కు, అసైన్‌మెంటుకు అది ఏ ఫలితానికి ఆధారమో జత చేయాలి. పని పూర్తి కాగానే ఏం జరగాలని మూడుల్ అడుగుతుంది: ఏమీ చేయకూడదా, ఆధారంగా చేర్చాలా, టీచరు సమీక్షకు పంపాలా, వచ్చేసినట్టు గుర్తించాలా. నాలుగోదాన్ని అంత తేలిగ్గా ఎంచకండి. క్విజ్‌ను ఊరికే నొక్కి పూర్తి చేసిన పిల్లవాడికీ “నిరూపణ చేయడం వచ్చు” అని ముద్ర పడుతుంది. “ఆధారంగా చేర్చు” అన్నదే సరైన మధ్యేమార్గం.

ఒకే క్విజ్‌ను రెండు చట్రాలకు జత చేయవచ్చు. అదే ఆవరణలో రాష్ట్ర బోర్డు, సీబీఎస్ఈ రెండూ నడిపే యాజమాన్యాలకు ఇది వరం లాంటిది.

మా ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. మూడుల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎందుకు?

ఈ ప్రశ్న రాని బడి లేదు. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌తో చేయించిన పత్రాల్లో తెలుగు అక్షరాలు నిజానికి తెలుగు కావు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేసింది. బ్రౌజరులో ఆ ఫాంటు ఉండదు, ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ ఫోనులోనైనా కనిపిస్తుంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. మార్చాక మూడు చోట్ల జాగ్రత్తగా చూడండి. ఒకటి, ఒత్తులు, ముఖ్యంగా ర ఒత్తు పక్క అక్షరానికి జారిపోతుంటుంది. రెండు, పత్రంలో నిజంగానే ఇంగ్లిషులో ఉన్న మాటలను, రసాయన సంకేతాలను కూడా ఆ సాధనం తెలుగు అనుకుని మార్చేస్తుంది. సోడియం క్లోరైడు సంకేతం అర్థం లేని రెండు తెలుగు అక్షరాలై కూర్చుంటుంది. మూడు, గణితం గుర్తులు. అందుకే సైన్సు, గణితం పత్రాలను మార్చడం కంటే కొత్తగా టైపు చేయించడమే చవక. సాంఘిక శాస్త్రం, తెలుగు పత్రాలను మార్చుకోవచ్చు.

పత్రాన్ని ఫోటో తీసి క్విజ్‌లో బొమ్మగా పెట్టే అడ్డదారి ఒకటి ఉంది. వెతికితే దొరకదు, దిద్దలేం, చూపు లేని పిల్లల ఫోను దాన్ని చదివి వినిపించలేదు. ఆ దారి వద్దు.

ప్రశ్నలను గుత్తగా ఎక్కించడానికి ఐకెన్ అనే పద్ధతి అన్నిటికంటే సులువు. ఒక లైనులో ప్రశ్న, కింద నాలుగు లైన్లలో ఎంపికలు, చివరి లైనులో జవాబు. ప్రశ్న, ఎంపికలు తెలుగులోనే ఉండవచ్చు. ఎంపికల ముందు అక్షరం, జవాబు లైను మాత్రం ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

గణిత సూత్రాలు ఎలా రాయాలి?

టెక్ (TeX) అనే సూత్రాల రాత పద్ధతిలో, రెండేసి డాలర్ గుర్తుల మధ్య. మ్యాథ్‌జాక్స్ ఫిల్టర్ వాటిని సూత్రాలుగా చూపిస్తుంది. భిన్నాలు, ఘాతాలు, వర్గమూలాలు రాయడం ఒక పూటలో వచ్చేస్తుంది.

పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లను మా సైటులో పెట్టుకోవచ్చా?

ఎన్‌సీఈఆర్‌టీ తన సైటులో పుస్తకాలను ఉచితంగా చదవనిస్తుంది, దించుకోనిస్తుంది. కానీ వాటి హక్కులు ఆ సంస్థవే. ఫైలును మీ సర్వర్‌లో పెట్టి పంచే బదులు ఆ పేజీకి లింకు ఇవ్వండి. అచ్చుతప్పులు దిద్దిన కొత్త ప్రతి వచ్చినప్పుడు మీ పిల్లలకు తనంతట తానే అందుతుంది కూడా. వీడియోలకు 2017లో మొదలైన దీక్షా వేదిక చాలావరకు సరిపోతుంది. రాష్ట్ర పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు వెళ్లేది అక్కడికే. పాఠానికి పది వీడియోలు గుమ్మరించకండి. టీచరు చివరిదాకా చూసి బాగుందన్న ఒక్కటి చాలు.

మా దగ్గర తెలుగు, ఇంగ్లిషు మాధ్యమాలు రెండూ ఉన్నాయి. ఉర్దూ సెక్షను కూడా ఉంది. కోర్సులు వేరువేరుగా చేయాలా?

తెలుగు, ఇంగ్లిషు కలిపి ఒకే కోర్సు చేయండి. రాష్ట్ర పుస్తకాల్లోనే ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకొక భాషగా ఉండటం పిల్లలకు అలవాటైంది. మూడుల్‌లో బహుభాషా ఫిల్టర్ ఆన్ చేస్తే ఒకే పేజీలో రెండు భాషల పాఠమూ రాసి, ఎవరు ఎంచుకున్న భాష వారికే కనిపించేలా చేయవచ్చు. కానీ పదో తరగతి పిల్లలకు రెండూ పక్కపక్కన కనిపించడమే మేలని చాలామంది టీచర్లు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

ఉర్దూకు వేరే కోర్సే ఉండాలి. రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మూడుల్ తెర మొత్తాన్ని అటు తిప్పగలదు కానీ, ఒకే పేజీలో రెండు దిక్కుల రాతలు కలిస్తే విరామ చిహ్నాలు గందరగోళమవుతాయి. ఆదోని, కౌతాళం వైపు కన్నడ మాధ్యమం ఉన్న బడులు కన్నడానికీ వేరే కోర్సు చేసుకుని, సామర్థ్యాల చట్రాన్ని మాత్రం ఉమ్మడిగా ఉంచుకోవాలి. భాష ఏదైనా ఫలితం కోడ్ ఒక్కటే.

మెనూలకు తెలుగు భాషా ప్యాక్ ఉంది. అన్ని మాటలూ అనువాదం కాలేదు కాబట్టి అక్కడక్కడ ఇంగ్లిషు తొంగి చూస్తుంది.

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ మార్కులను ఎలా అమర్చాలి?

మార్కుల పుస్తకంలో ముందు కేటగిరీలు కట్టి, తర్వాతే క్విజ్‌లు చేర్చండి. ఎఫ్‌ఏకు ఒక కేటగిరీ, దాని లోపల పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. మొదటి రెండూ ఆన్‌లైన్‌లో జరిగేవి కావు కాబట్టి వాటికి చేత్తో మార్కులు వేసే అంశాలు చేర్చుకోవాలి.

సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతుల్లో బడిలో వేసే 20 మార్కులు నాలుగు అయిదులుగా విడిపోతాయి: పీరియాడిక్ టెస్టులు, బహుళ మూల్యాంకనం, పోర్ట్‌ఫోలియో, సబ్జెక్టు సుసంపన్నత కార్యక్రమాలు. పీరియాడిక్ టెస్టుల్లో మెరుగైన రెండింటి సగటు తీసుకోవాలి. ‘తక్కువ వచ్చినవాటిని వదిలేయి’ అనే గడిలో 1 అని పెడితే మూడు టెస్టుల్లో తక్కువది దానంతట అదే పోతుంది. టెస్టులన్నిటికీ గరిష్ఠ మార్కులు ఒకటే ఉండేలా చూసుకోండి.

మార్కుల పుస్తకం అమరిక కూడా మూల కోర్సులోనే చేయాలి, నకలుతో పాటు వచ్చేస్తుంది.

స్థానిక విషయాలకు చోటు ఎక్కడ?

పుస్తకంలోని పాఠం పక్కనే. చివర్లో “మన జిల్లా” అని ప్రత్యేక యూనిట్ పెడితే మార్చి వచ్చేసరికి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అశోకుడి శాసనాల పాఠం దగ్గరే తుగ్గలి మండలం ఎర్రగుడి శాసనాల ఫోటోలు పెట్టండి. జిల్లా పిల్లలు బస్సులో వెళ్లి చూసి రాగలిగిన అశోకుడు అక్కడే ఉన్నాడు. నదుల పాఠంలో కర్నూలు ఊరి అంచున హంద్రీ తుంగభద్రలో కలిసే చోటు, ఆదిమ మానవుడి పాఠంలో ఓర్వకల్లు మండలం కేతవరం రాతిచిత్రాలు, ఖనిజాల పాఠంలో తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం మనుషులు నేల వంక చూస్తూ తిరిగే దృశ్యం. వీటికి పిల్లలే ఫోటోలు తీసి అసైన్‌మెంటుగా పంపితే రెండేళ్లలో మీ మూల కోర్సు ఏ ప్రచురణ సంస్థ దగ్గరా దొరకని సరుకు అవుతుంది.

ఊళ్లో నెట్ సరిగ్గా ఉండదు. కరెంటూ అంతే. అయినా ఇది నడుస్తుందా?

నడుస్తుంది. మూడుల్‌కు సర్వర్ కావాలి కానీ ఆ సర్వర్ ఇంటర్నెట్‌లోనే ఉండాలని లేదు. కంప్యూటర్ ల్యాబులో ఒక మంచి కంప్యూటర్‌పై ఇన్‌స్టాల్ చేస్తే ల్యాబులోని మిగతావి కేబుళ్ల ద్వారా దానికి చేరతాయి. ఇంకా చిన్న బడికైతే మూడుల్‌బాక్స్ ఉంది: రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌లో మూడుల్‌ను ముందే అమర్చి, అదే వైఫై ఇచ్చేలా చేసిన ఉచిత ప్రాజెక్టు. కరెంటు పోయినా చిన్న బ్యాటరీతో గంటలు లాగుతుంది. దీక్షా లింకులు దానిలో తెరుచుకోవు కాబట్టి, తప్పనిసరి వనరులను లింకులుగా కాకుండా టీచర్లు సొంతంగా రాసిన పేజీలుగా ఉంచాలి.

ఇంట్లో ఫోను ఉన్న పిల్లలకు మూడుల్ యాప్ ఉంది. బడిలో వైఫై దొరికినప్పుడు పాఠాన్ని దించుకుని ఇంట్లో నెట్ లేకుండా చదవవచ్చు. క్విజ్ కూడా అలా రాయనివ్వాలంటే ఆ క్విజ్ సెట్టింగుల్లో విడిగా అనుమతి ఇవ్వాలి.

పిల్లలకు ఈమెయిల్ లేదు. ఖాతాలు ఎలా?

సీఎస్‌వీతో గుత్తగా సృష్టించండి. ఈమెయిల్ గడి ఖాళీగా ఉండకూడదు. ఒకే ఈమెయిల్‌ను పలు ఖాతాలకు అనుమతించే సెట్టింగు ఉంది, బడి ఈమెయిల్ ఒకటి అందరికీ వాడవచ్చు. అడ్మిషన్ నంబరే యూజర్ పేరు. ప్రతి తరగతినీ ఒక కోహార్టుగా (సైటు మొత్తానికీ పనికొచ్చే పిల్లల జట్టుగా) చేస్తే, కోర్సుకు కోహార్టును జత చేసిన వెంటనే అందరూ చేరిపోతారు, మధ్యలో కొత్తగా వచ్చినవారు సహా.

ఆధార్ నంబరు, కులం, తండ్రి ఆదాయం లాంటివి ఈ ఫైలులోకి రానివ్వకండి. పాఠం చెప్పడానికి వాటితో పని లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే. ఖాతాల ప్రస్తావనను అడ్మిషన్ ఫారంలోనే చేర్చి తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం మంచిది.

మూల కోర్సును ఎవరు మార్చవచ్చు?

సబ్జెక్టుకు ఒకరు. మిగతా టీచర్లకు అందులో ‘ఎడిటింగ్ లేని టీచర్’ పాత్ర చాలు. చూడగలరు, మార్చలేరు. నడుస్తున్న కోర్సులో మాత్రం ప్రతి టీచరుకూ పూర్తి హక్కు ఇవ్వండి. తమ తరగతిని తాము దిద్దుకోలేని టీచరు ఆ సైటును రెండో వారానికే వదిలేస్తారు.

ఏడాది మధ్యలో కొన్ని పాఠాలు పరీక్షకు లేవని ప్రకటన వస్తే?

దాచండి, తొలగించకండి. నకలులో ఆ పాఠం ఉన్న భాగానికి కన్ను గుర్తు మూసేస్తే చాలు, మూలాన్ని ముట్టుకోనక్కరలేదు. తీసేసిన పాఠాలు రెండేళ్లకు తిరిగి వచ్చిన సందర్భాలు మనందరికీ తెలిసినవే.

బ్యాకప్ హోస్టింగ్ వాళ్లే చూసుకుంటామన్నారు. మేమూ తీయాలా?

తీయాలి. మూడుల్ సైటు అంటే మూడు ముక్కలు: ప్రోగ్రామ్ ఫైళ్లు, డేటాబేస్, అప్‌లోడ్ చేసినవన్నీ ఉండే డేటా ఫోల్డరు. చివరి రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా సైటు తిరిగి లేవదు. ఇవి కాక, ప్రతి మూల కోర్సునూ విడిగా బ్యాకప్ ఫైలుగా దించి బడిలోని హార్డ్‌డిస్కులో ఉంచండి. ఆ ఫైలుతో ఏ మూడుల్‌లోనైనా కోర్సును తిరిగి నిలబెట్టవచ్చు. హోస్టింగ్ మారినా, యాజమాన్యం మారినా పని పోదు. పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను కొత్త వెర్షన్‌లో తెరవవచ్చు. కొత్తదాన్ని పాతదానిలో తెరవబోతే సాఫీగా సాగుతుందన్న హామీ లేదు.

వెర్షన్ల విషయంలో తొందర వద్దు. 2024 అక్టోబరులో వచ్చిన 4.5 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్, భద్రతా సవరణలు 2027 అక్టోబరు దాకా వస్తాయి. యూనిట్ లోపల పాఠాలను ఉపసెక్షన్లుగా విడగొట్టే సదుపాయమూ దానితోనే వచ్చింది. అప్‌గ్రేడ్ చేయదలిస్తే మే నెలలో చేయండి. ముందు రోజు తీసిన బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, ఒక క్విజ్ తెరిచి తెలుగు సరిగ్గా కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి.